పిల్లలతో, పెద్దవాళ్ళతో అరకులో ఒక టెంటు రాత్రి: ఏర్పాట్లు, జాగ్రత్తలు

శని, ఆదివారాల్లో కుటుంబంతో అరకు వెళ్ళి ఒక రాత్రి టెంటులో పడుకుని రావాలని చాలామంది అనుకుంటారు. తీరా కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టేసరికి బొర్రా గుహలు ఎప్పుడు, చాపరాయి ఎప్పుడు, పద్మాపురం తోట ఎప్పుడు అంటూ చూడవలసిన చోట్ల పట్టికే ముందు తయారవుతుంది. ఏటా శీతాకాలంలో ఇంటిల్లిపాదీ వెళ్ళి వస్తున్న అనుభవంతో చెబుతున్నాను, ముందు ఆలోచించవలసింది రాత్రి సంగతి. ఆరేళ్ళ పిల్లా, అరవై అయిదేళ్ళ అమ్మా తెల్లవారేదాకా వెచ్చగా నిద్రపోతే మర్నాడు ఎక్కడికి తీసుకువెళ్ళినా హుషారుగా వస్తారు. అర్ధరాత్రి రెండింటికి చలికి లేచి కూర్చుంటే మాత్రం ఎంత అందమైన సూర్యోదయమైనా వాళ్ళకు పట్టదు. అందుకే ఇక్కడ చూడవలసిన ప్రదేశాల కంటే ఆ రాత్రికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ఎప్పుడు వెళ్ళాలి, ఎంత చలి ఉంటుంది

నవంబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా టెంటుకు అనువైన కాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొండలు పచ్చగా, జలపాతాలు నిండుగా ఉన్నా, పిల్లలతో టెంటు వేసే ఆలోచన పెట్టుకోవద్దు. ఆ నాలుగు నెలలు గదిలో దిగి చూడవలసిన కాలం. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 2014 అక్టోబరు 12న విశాఖ తీరాన్ని తాకిన హుద్‌హుద్ ఈ కొండల్లో కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లను పెద్ద ఎత్తున కూల్చివేసింది. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినిపిస్తే ప్రయాణం వారం వాయిదా వేసుకోవడమే మంచిది. నవంబరు, డిసెంబరు నెలల్లో వలిసె పూలు విరగబూసి పొలాలకు పొలాలు పసుపు రంగులో ఉంటాయి కాబట్టి కుదిరితే డిసెంబరు రెండో వారం చూసుకోండి. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరుతాయి. ఆ రద్దీలో చిన్నపిల్లలతో గంటల తరబడి మలుపుల మధ్య ఆగిపోవడం ఎవరికైనా కష్టమే.

చలి లెక్క చాలామందికి తప్పుతుంది. అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే దాదాపు ఆరు డిగ్రీలు తగ్గుతుందన్న సాధారణ సూత్రంతో లెక్కవేసి, విశాఖలో పద్దెనిమిది ఉంటే అక్కడ పన్నెండు ఉంటుందిలే అనుకుంటారు. మబ్బు లేని శీతాకాలపు రాత్రి అంతకంటే బాగా చల్లబడుతుంది, ఎందుకంటే పగలంతా నేల పీల్చుకున్న వేడి ఆకాశం తేటగా ఉన్నప్పుడు త్వరగా వెళ్ళిపోతుంది, నేలను ఆనుకుని చల్లబడిన గాలి బరువెక్కి కొండవాలు వెంట నీళ్ళలాగే కిందికి జారి లోయ అడుగున నిలుస్తుంది. వంజంగి కొండ మీద నుంచీ మాడగడ నుంచీ తెల్లవారుజామున జనం చూసి మురిసిపోయే పాలసముద్రం లాంటి మంచు అలా లోయలో నిలిచిపోయిన చల్లగాలిలో పుట్టేదే. కనుక టెంటు వేయవలసింది లోయ మధ్యలోని చదునైన పొలంలోనూ కాదు, వాగు ఒడ్డునా కాదు, నాలుగడుగులు పైకి ఎక్కి ఉన్న మెరక మీద. చింతపల్లి వైపు లంబసింగిలో చలి ఇంకా ఎక్కువ. డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత ఒక అంకెకు పడిపోవడం అక్కడ మామూలు. రాత్రి ఆరుబయట ఉన్న మనిషి కర్రలా బిగుసుకుపోతాడన్న అర్థంలో ఆ ఊరిని కొర్రబయలు అని కూడా అంటారు. అయిదేళ్ళలోపు పిల్లలున్న కుటుంబం మొదటి టెంటు రాత్రికి లంబసింగిని ఎంచుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

చోటు కుదుర్చుకోవడం

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఈ ప్రాంతం రాజ్యాంగంలో గిరిజన ప్రాంతాలకు సంబంధించిన అయిదో షెడ్యూలు కిందికి వస్తుంది, ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతుల్లోకి వెళ్ళకుండా 1/70 చట్టం ఉంది. ఖాళీగా కనిపించే ప్రతి చెక్కా ఏదో ఒక ఆదివాసీ కుటుంబానిది, లేదా అటవీశాఖది. అడగకుండా పొలంలో గుడారం దించడం మర్యాద కాదు. అనుమతి లేకుండా రిజర్వు అడవిలో దిగడం, నిప్పు రాజేయడం నేరం. స్థానిక గిరిజన కుటుంబాలు తమ సొంత జాగాలో నడుపుకుంటున్న చోట్లను వెదకండి. మీరిచ్చే డబ్బు ఆ ఊళ్ళోనే ఉంటుంది. పైగా పాము ఎటు తిరుగుతుందో, గాలి ఎటు నుంచి వీస్తుందో వాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

బయానా పంపేముందు ఫోనులో అడిగి తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ముందు మరుగుదొడ్డి గురించి అడగండి. ఒక ఏడాది ఒక శిబిరంవారు మరుగుదొడ్డి పక్కనే ఉందన్నారు. వెళ్ళి చూస్తే అది నూరడుగుల కింద, రాళ్ళ మెట్లు దిగి వెళ్ళవలసిన చోట, దీపం లేకుండా ఉంది. మోకాళ్ళ నొప్పి ఉన్న అమ్మ ఆ రాత్రి మంచినీళ్ళు తాగడమే మానేసింది. అప్పటి నుంచి నేను అడిగే ప్రశ్న ఒకే తీరుగా ఉంటుంది: టెంటు నుంచి ఎన్ని అడుగులు, మధ్యలో మెట్లు ఉన్నాయా, దీపం ఉందా, రాత్రి కూడా నీళ్ళు వస్తాయా? ఆ తర్వాత కారు ఎంతవరకు వస్తుందో, పక్క టెంట్లవాళ్ళు పాటల పెట్టె ఎన్నింటికి ఆపాలన్న నియమం ఉందో లేదో, కింద పరిచే పరుపు ఎంత మందమో అడగాలి. నలుగురు పట్టే టెంటు అని రాసి ఉన్నదానిలో నిజానికి ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక బిడ్డ, సామాన్ల సంచీ మాత్రమే సుఖంగా పడతాయని గుర్తుపెట్టుకోండి.

సొంత టెంటు తీసుకువెళ్తున్నవాళ్ళు ముందు శనివారం డాబా మీద ఒకసారి వేసి చూడాలి. గొడుగులా నిలబడే రకం టెంట్లకు మేకులు లేకపోయినా పర్వాలేదు కాబట్టి డాబా సరిపోతుంది. జిప్పు పట్టేసిందో, కడ్డీ విరిగిందో, తాడు తక్కువైందో ఇంటి దగ్గరే బయటపడుతుంది. పిల్లలను ఆ రాత్రి అందులోనే పడుకోబెట్టండి. గుడ్డ గోడ, జిప్పు తలుపు, లోపలి చీకటి ఒకసారి అలవాటైన బిడ్డ అరకులో అర్ధరాత్రి ఏడవదు.

ప్రయాణం

విశాఖ నుంచి అరకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోటలో పెట్రోలు, నగదు, అరటిపళ్ళు చూసుకోండి, ఎందుకంటే తర్వాత అనంతగిరి ఘాట్ మొదలైతే చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. మలుపుల్లో వాంతులయ్యే పిల్లలకు ఖాళీ కడుపు ఎంత చెడ్డదో నూనె వంటకాలతో నిండిన కడుపూ అంతే చెడ్డది. రెండు ఇడ్లీలు పెట్టి, ముందుకు చూసేలా కూర్చోబెట్టి, చేతిలోంచి ఫోన్ తీసేసి, కిటికీ కాస్త దించితే సగం బాధ తగ్గుతుంది. మాత్ర వేయదలుచుకుంటే పిల్లల డాక్టరును అడిగి బయలుదేరకముందే వేయాలి, వాంతి మొదలయ్యాక వేసి లాభం లేదు. పొగమంచులో హెడ్‌లైట్లు డిమ్‌లోనే ఉంచండి. పైకి వేసిన వెలుతురు మంచుకు కొట్టుకుని తిరిగి మన కళ్ళలోనే పడుతుంది. దిగేటప్పుడు బ్రేకు మీదే పాదం ఉంచకుండా చిన్న గేరులో దిగాలి.

పిల్లలకు రైలే ఎక్కువ ఇష్టం. ఉదయాన్నే విశాఖలో బయలుదేరే కిరండూల్ రైలు దాదాపు నాలుగు గంటల్లో అరకు చేరుస్తుంది. 2017 నుంచి దీనికి అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె కూడా ఉంది. దారిలో 50కి పైగా సొరంగాలు వస్తాయి. దారిలోని శిమిలిగూడ స్టేషను ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ మార్గాలన్నిటిలోకీ ఎత్తైనదిగా పేరు పొందింది. రైల్లో వెళ్ళేవాళ్ళు అరకు స్టేషను నుంచి టెంటు చోటుకు ఆటోనో జీపో ముందుగానే మాట్లాడుకోవాలి.

ఎలా వెళ్ళినా మధ్యాహ్నం మూడింటికల్లా టెంటు చోట ఉండాలి. ఇది మాత్రం మార్చుకోవద్దు. డిసెంబరులో అయిదున్నర కల్లా సూర్యాస్తమయం అవుతుంది, కొండ అడ్డున్న చోట ఇంకో అరగంట ముందే నీడ కమ్ముతుంది. చీకట్లో టార్చి పళ్ళతో పట్టుకుని మేకులు కొట్టవలసి వస్తే పిల్లలు చలికి నిలబడే ఉంటారు, వంట ఆలస్యమవుతుంది, అందరికీ విసుగు వస్తుంది. శనివారం దారిలో ఏ చోటా దిగకుండా నేరుగా వెళ్ళిపోండి, చూడవలసినవి ఆదివారానికి ఉంచుకోండి.

టెంటు వేయడం, పక్క పరచడం

ముందు చోటంతా చెప్పులు లేకుండా మెల్లగా ఒకసారి నడవండి. కంటికి కనబడని రాయి, వేరు పాదానికి తెలుస్తుంది. చెదపుట్టలు, ఎలుక కన్నాలు, తలపైన ఎండిన కొమ్మలు లేని చోటు చూడాలి. నేల ఏ కాస్త వాలుగా ఉన్నా తల ఎత్తువైపు రావాలి. కింద టార్పాలిన్ బరకం పరిచి, దాని అంచులు టెంటు అడుగు కంటే నాలుగు వేళ్ళు లోపలికే ఉండేలా మడవండి. అంచులు బయటికి పొడుచుకువస్తే రాత్రి టెంటు మీద నుంచి కారే మంచునీళ్ళు ఆ బరకం మీద పడి నేరుగా మీ వీపు కిందికి చేరతాయి. మేకును నిలువుగా దిగగొట్టకుండా, దాని తల టెంటుకు దూరంగా వాలి ఉండేలా ఏటవాలుగా కొడితే తాడు లాగిన కొద్దీ గట్టిపడుతుంది. తాళ్ళకు తెల్లగుడ్డ పీలికలు కట్టండి, లేకపోతే పరుగెత్తే పిల్లలు తట్టుకుని పడతారు. ద్వారం తూర్పు వైపు పెడితే పొద్దున్నే ఎండ లోపలికి వస్తుంది.

ఇక పక్క. ఇది ఎంత శ్రద్ధగా పరిస్తే అంత సుఖం. మా మొదటి ప్రయాణంలో మనిషికి రెండేసి రగ్గులు కప్పుకోవడానికి తీసుకువెళ్ళి, కింద మాత్రం పల్చని చాప ఒక్కటే పరిచాము. రాత్రి ఒంటిగంటకు అమ్మ లేచి కూర్చుని, పైన వెచ్చగానే ఉంది గాని నడుం కింద బండరాయి మీద పడుకున్నట్టు ఉందిరా అంది. చెయ్యి పెట్టి చూస్తే చాప మంచులా ఉంది. పడుకున్నప్పుడు మన బరువుకు కింది దుప్పటి నలిగి అందులోని గాలి బయటికి పోతుంది, నేల ఆ చోటు నుంచి ఒంట్లో వేడిని తెల్లవార్లూ లాగుతూనే ఉంటుంది. కప్పుకునేది ఒకటి తగ్గించి అయినా సరే, పరుచుకునేది ఒకటి పెంచాలి. ఆ ప్రాంతంలో కోతలయ్యాక వరిగడ్డి దొరుకుతుంది. స్థలం యజమానిని అడిగి, డబ్బిచ్చి, బరకం కింద జానెడు మందాన పరిపించుకోండి. లోపల ఫోమ్ చాపలు, వాటి మీద ఇంట్లోని పాత చీరల బొంత వేయండి. గాలి నింపే పరుపు మెత్తగా ఉంటుంది కాని, లోపలి గాలి చల్లబడితే ఒళ్ళంతా చల్లబరుస్తుంది కాబట్టి దాని మీద కూడా బొంత తప్పనిసరి. బిడ్డలను మధ్యలో పడుకోబెట్టాలి. టెంటు గోడకు ఆనుకున్నవాళ్ళ దుప్పటి తెల్లవారేసరికి తడుస్తుంది.

ఆ తడి వాన వల్ల వచ్చేది కాదు. నలుగురి ఊపిరిలోని ఆవిరి చల్లని గుడ్డకు తగిలి నీటి బొట్లుగా మారుతుంది. చలని జిప్పులన్నీ బిగించేస్తే లోపల ఇంకా ఎక్కువ కారుతుంది. టెంటుకు పైన ఉండే గాలి కంతలు తెరిచే ఉంచండి.

పడుకునేముందు పిల్లలకు పగలంతా వేసుకున్న బట్టలు, లోదుస్తులతో సహా, విప్పించి పొడివి తొడగాలి. చెమట పట్టిన బనియను చలికి నీళ్ళగుడ్డ లాంటిది. మంకీ క్యాపు, ఉన్ని మేజోళ్ళు, ఒక స్వెట్టరు చాలు. మరీ ఎక్కువ తొడిగితే చెమట పట్టి మళ్ళీ అదే బాధ. మూత గట్టిగా ఉన్న స్టీలు సీసాలో వేడినీళ్ళు పోసి, మందపాటి తువ్వాలు చుట్టి, పెద్దవాళ్ళ పాదాల దగ్గర పెడితే నాలుగైదు గంటలు హాయిగా ఉంటుంది.

నిప్పు

చలిమంట లేకుండా అరకు రాత్రి లేదు, పిల్లలకు అదే పండగ. దాన్ని టెంటుకు కనీసం పదిహేను అడుగుల దూరంలో, గాలి టెంటు వైపు వీయని చోట వేయండి. నైలాను గుడ్డకు ఒక్క నిప్పురవ్వ చాలు. గడ్డి కింద పరిచినవాళ్ళు ఇంకా దూరం పాటించాలి. చెట్లు విరవకుండా ఊరివాళ్ళ దగ్గర కట్టెలు కొనండి. లేచే ముందు నీళ్ళు పోసి, కర్రతో కెలికి, మళ్ళీ నీళ్ళు పోసి, బూడిదకు కాస్త పైన అరచెయ్యి పెట్టి చూడాలి.

ఇప్పుడు చెప్పేది దయచేసి ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. మిగిలిన బొగ్గులు కుంపట్లో ఎత్తి టెంటులో పెట్టుకోవడం, లోపల గ్యాసు స్టవ్వు వెలిగించడం ఎన్నటికీ చేయకూడదు. పొగ లేదు కదా, ఎర్రటి బొగ్గులే కదా అనిపిస్తుంది. ఆ బొగ్గుల నుంచే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగూ వాసనా లేవు, నిద్రలో ఉన్నవాడికి మెలకువ రాకుండానే ప్రాణం తీస్తుంది. కిటికీ తెరిచాం కదా అన్న ధైర్యం కూడా పెట్టుకోవద్దు. అమ్మమ్మలు, తాతయ్యలు చలికి ఓర్వలేక పెట్టమని అడిగినా వద్దని చెప్పి ఇంకో బొంత ఇవ్వండి. అదీ చాలకపోతే వాళ్ళకు గది తీసుకోండి.

తిండి

వంట మీద ఎక్కువ సమయం పెట్టడం నాకు సమ్మతం కాదు. శనివారం మధ్యాహ్నానికి ఇంటి పులిహోర, రాత్రికి చలిమంట దగ్గర అక్కడివాళ్ళు చేసిపెట్టే బొంగులో చికెన్ చాలు. వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. బొంగులోని తడితోనే ముక్క ఉడుకుతుంది కాబట్టి నూనె పెద్దగా పట్టదు. పిల్లలకు కారం తగ్గించి వేరే బొంగులో చేయమని ముందే చెప్పాలి. పొద్దుటికి ఇంటి దగ్గరే నేతిలో వేయించిన ఉప్మా రవ్వలో ఆవాలు, శనగపప్పు, జీడిపప్పు, కరివేపాకు, ఎండుమిరపకాయల పోపు, ఉప్పు కలిపి డబ్బాలో పోసి తీసుకువెళ్ళండి. అక్కడ గ్లాసు రవ్వకు రెండున్నర గ్లాసుల నీళ్ళు మరిగించి పోస్తే పది నిమిషాల్లో వేడి వేడి ఉప్మా తయారవుతుంది. మినపసున్ని ఉండలు, జంతికలు మూతబిగిసే డబ్బాల్లో ఉంచి, రాత్రికి కారులోనో చెట్టుకొమ్మకు వేలాడదీసిన సంచీలోనో పెట్టాలి, టెంటులో ఉంటే చీమలు, ఎలుకలు వస్తాయి. నీళ్ళు కాచినవో, సీసావో తాగండి. ఊటనీరు ఎంత తేటగా ఉన్నా పిల్లలకు పట్టవద్దు.

దోమలు, పురుగులు, ఆసుపత్రి

ఏజెన్సీలో, అంటే ఈ గిరిజన ప్రాంతంలో, మలేరియా ఉంది. చలికాలంలో దోమలు తక్కువే అనిపించినా, పొద్దు వాలేసరికి పిల్లలకు నిండు చేతుల చొక్కాలు, ప్యాంట్లు తొడిగి, దోమల మందు రాసి, టెంటు వల జిప్పు ఎప్పుడూ మూసే ఉంచాలి. తిరిగివచ్చిన నెల రోజుల్లో ఎవరికి జ్వరం వచ్చినా మామూలు పడిశంలే అని ఊరుకోకుండా రక్తపరీక్ష చేయించి, ఏజెన్సీకి వెళ్ళి వచ్చామని డాక్టరుకు చెప్పండి. చెప్పులు, బూట్లు తొడుక్కునేముందు ప్రతిసారీ తలకిందులుగా దులపాలి. తేళ్ళు, జెర్రులు వెచ్చదనానికి వాటిలో దూరతాయి. రాత్రి బయటికి వెళ్ళే ప్రతి మనిషి చేతిలో టార్చి ఉండాలి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్లు కట్టడం చేయకుండా, కరిచిన అవయవాన్ని కదలనీయకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అరకులోయలోనూ పాడేరులోనూ ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. ఫోన్ ఎక్కడ పనిచేస్తుందో సాయంత్రమే నడిచి చూసి పెట్టుకోండి.

ఆదివారం

సూర్యోదయం డిసెంబరులో ఆరున్నరకు కాస్త అటూ ఇటూ అవుతుంది. వంజంగికి తెల్లవారుజామున నాలుగింటికే కదలాలి, ఎక్కుడు కూడా నిటారు. పదేళ్ళు దాటిన పిల్లలకు బాగుంటుంది. చిన్నపిల్లలున్నవాళ్ళు అరకుకు దగ్గరలోని మాడగడ చూసుకోవచ్చు. తర్వాత సుంకరమెట్ట కాఫీ తోటల్లో గంటసేపు నడవండి. ఈ నెలల్లో చెట్లకు ఎర్రటి పళ్ళు గుత్తులు గుత్తులుగా ఉంటాయి, సిల్వర్ ఓక్ మానులకు మిరియాల తీగలు పాకి ఉంటాయి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పళ్ళు ఎవరి చేతి కష్టమో పిల్లలకు చెప్పి, అడగకుండా ఒక్కటి కూడా కోయనీయకండి. బొర్రా గుహలు తిరుగుదారిలో పెట్టుకోవాలి. లోపల మెట్లు చెమ్మగా జారుతుంటాయి కాబట్టి మోకాళ్ళు బాగాలేనివాళ్ళు పైనే కూర్చోవడం మేలు. చాపరాయికి వెళితే నాచు పట్టిన బండల మీద పిల్లల చెయ్యి వదలవద్దు. ఈ నాలుగింటిలో రెండు ఎంచుకోండి, మిగిలినవి ఇంకో ఏడాదికి.

టెంటు విప్పేముందు ఎండలో గంటసేపు ఆరనిచ్చి, మేకులు లెక్కపెట్టుకుని, ప్లాస్టిక్ చెత్తంతా ఒక సంచీలో మూటగట్టి విశాఖకు తెచ్చుకోండి. దాన్ని చలిమంటలో వేయకండి. ఇంటికి వచ్చేసరికి ఎంత పొద్దుపోయినా టెంటును మడతలోనే ఉంచకుండా మర్నాడు డాబా మీద దండెం మీద పరిచి రోజంతా ఆరబెట్టాలి. కుట్ల దగ్గర చెమ్మ మిగిలితే వారానికల్లా బూజు పట్టి, ఆ వాసన మళ్ళీ ఎన్ని ఎండల్లో వేసినా పోదు.